హేమావతి చెప్పని పేరు

హిందూపురం రైల్వే గేటు దగ్గర తెల్లవారుజామున దొరికిన శవం ఒక స్టోర్‌కీపర్‌ది. మెడ వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క. అంతకుమించి గాయం లేదు.

అదే ఉదయం ఏడింటికి, ధర్మవరంలో షట్టర్ సగమే లేపిన పట్టుచీరల దుకాణంలోకి ఒకతను వంగి దూరాడు.

"నెమలికంఠం రంగు చీర ఉండాదా?"

"మగ్గం మీద ఉండాది. అంచు తెగింది."

కోడ్ సరిపోయింది. నిఘా విభాగం ఏజెంట్ వేణుమాధవ్ కూర్చున్నాడు. కౌంటర్ వెనకున్న అతని చీఫ్ గంగాధరప్ప గొంతు తగ్గించాడు.

"జెల్మార్క్ అనే విదేశీ కంపెనీ నలభై నేతన్నల ఇళ్ళకు ఉచితంగా ఫోన్లు పంచింది. ప్రతి ఇంటి నుంచీ ఒకరు గోరంట్ల దగ్గరి రక్షణ పరికరాల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆ ఫోన్లు ఇంట్లో మాటలన్నీ వింటున్నాయి."

"ఆధారం?"

"ఆ ఇళ్ళ జాబితా. కంపెనీ లోపలి మనిషి దాని కాపీ హేమావతికిచ్చాడు."

వేణుమాధవ్ మొహం చిట్లించాడు. హిందూపురం వారపత్రిక ఎడిటర్ హేమావతి. ఒక వార్తకు సోర్స్ పేరు చెప్పలేదని నాలుగేళ్ళ క్రితం అతను అరెస్టు చేసిన మనిషి. నలభై రోజులు జైల్లో ఉంది. తర్వాత కోర్టు కేసు కొట్టేసింది.

"ఆమె వార్త వేయకుండా ఆపమని కంపెనీ పెనుకొండ కోర్టుకెక్కింది. పదకొండింటికి వాదన. స్టే వచ్చిందా, కథ కంచికే. తమ స్టోర్‌కీపరే సోర్స్ అనుకుని రాత్రి చంపారు. పొరపాటు. అసలువాడు బతికే ఉన్నాడు. పేరు కనుక్కో. కంపెనీ లాయర్ దగ్గర జూనియర్‌గా మన శోభారాణి ఉంది. ఆమెకు చెప్పు, అతన్ని తప్పిస్తుంది."

కోర్టు బంట్రోతు వేషంలో, డవాలు బిళ్ళ తగిలించుకుని, నోటీసు పట్టుకుని అతను హిందూపురంలో ప్రెస్సు మెట్లెక్కాడు. ప్రూఫులు దిద్దుతున్న హేమావతి కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"మీసం బాగుండాది. బంట్రోతు బూట్లకి ఇంత పాలిష్ యాడిదప్పా?"

దాచి లాభం లేదు. "మీ సోర్స్ ప్రాణం ప్రమాదంలో ఉంది. పేరు చెప్పండి."

"నలభై దినాలు అడిగితివే, అప్పుడు చెప్పినానా?"

"అది వేరు. ఇప్పుడు కాపాడ్డానికి వచ్చాను."

"మీకు చెప్తే ఊరంతా దండోరా ఏసినట్లే. బయటికి పో."

అప్పుడే అతని ఫోన్ మోగింది. శోభారాణి. స్పీకర్ ఆన్ చేశాడు, ఆమె మాటతోనైనా ఎడిటర్ మెత్తబడుతుందని.

"పేరు దొరికిందా వేణూ? తొందరగా. ఆ అమ్మాయి భయపడి పారిపోకముందే."

హేమావతి చేతిలో పెన్ను ఆగిపోయింది.

అమ్మాయి! చీఫ్ 'వాడు' అన్నాడు. డిపార్ట్‌మెంట్‌కు తెలియని సంగతి శోభారాణికి ఎవరు చెప్పారు? వేణుమాధవ్ స్పీకర్ ఆపేశాడు. ఈ ముసలామె నోరు విప్పి ఉంటే, తన చేత్తోనే ఒక ఆడపిల్లను హంతకులకు అప్పగించేవాడు.

"దొరకలేదు," అని ఫోన్ పెట్టేశాడు.

పదకొండున్నరకు పెనుకొండ కోర్టు హాలు కిక్కిరిసింది. కంపెనీ లాయర్ గొంతు ఖంగుమంది. "అలాంటి జాబితా మా కంపెనీలో ఎన్నడూ లేదు. అది కల్పితం. నిజమైతే ఇచ్చినవారి పేరు చెప్పమనండి!"

ఆయన పక్కన నల్లకోటులో శోభారాణి. గాజుల చేతిలో బంగారు పెన్ను. హాల్లో ఎందరో ఆమెనే చూస్తున్నారు. ఆమె మాత్రం వెనక బెంచీలను చూస్తోంది.

జడ్జి హేమావతి వైపు తిరిగారు. "అసలు కాగితం లేదు, సాక్షి లేరు. నేనెలా నమ్మాలమ్మా?"

"జైలుకైనా పోతాను సార్. పేరు మాత్రం చెప్పేది లేదు."

వెనక బెంచీలో నీలం చీర కట్టుకున్న ఒక యువతి ఏదో చెప్పబోతున్నట్టు చెయ్యెత్తి లేవబోయింది. కళ్ళనిండా నీళ్ళు. శోభారాణి అప్పటికే కుర్చీ వదిలి, ఫైలు చంకన పెట్టుకుని అటు నడుస్తోంది.

ఇంకా బంట్రోతు వేషంలోనే ఉన్న వేణుమాధవ్ రెండంగల్లో ఆ యువతికి అడ్డంగా నిలబడ్డాడు.

"కూర్చోమ్మా! నీ కేసు మధ్యాహ్నం. ఎన్నిసార్లు చెప్పాల?" గద్దించి భుజం నొక్కాడు. యువతి కూలబడింది. అతను అదే ఊపులో తిరిగి శోభారాణి మణికట్టు పట్టుకున్నాడు. యువతి మెడకు జానెడు దూరంలో ఆగింది పెన్ను. దాని కొసన సన్నని సూది.

"పిచ్చా నీకు? నేను మన మనిషిని!" అని బుసకొట్టింది.

"స్టోర్‌కీపర్‌కీ అదే చెప్పావా?"

పెనుగులాటలో ఫైలు కిందపడింది. పోలీసులు ఆమెను పట్టుకున్నారు. పైకాగితాన్ని జడ్జి తెప్పించుకుని చూశారు. శీర్షిక: 'జాబితా చూసినవారు'. కింద ఐదు పేర్లు. ఒకటి ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ఆయన ఆ పేర్లు పైకి చదవలేదు. కాగితం మడిచి కవరులో పెట్టి సీలు వేయించారు.

"లేని జాబితాను ఐదుగురు ఎలా చూశారు లాయర్‌గారూ?"

లాయర్ కాగితాలు సర్దుకోసాగాడు. జడ్జి తీర్పు చెప్పారు.

"విచారణ జరగకుండానే పత్రిక నోరు నొక్కలేం. పిటిషన్ కొట్టేస్తున్నాను."

నీలం చీర యువతి జనంలో కలిసి వెళ్ళిపోయింది. అతను ఆమె పేరు అడగలేదు.

బయట మెట్ల మీద హేమావతి ఆగింది. "నీకు థ్యాంక్స్ చెప్పనబ్బా. నలభై దినాలు మర్చిపోలేదు."

"అడగలేదు."

"ఈ వారం పేపర్లో నీ గురించి రాస్తాండా."

"మంచిగానా?"

"నిజంగా."

సూదికి బెదరని వేణుమాధవ్, ఆ ఒక్క మాటకు బెదిరిపోయాడు.