ముందు తాకి, తర్వాత తొక్కి

శనివారం ఉదయం లాడ్జి గదిలో మంచం అంచున కూర్చుని, ఒక సాక్సు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని ఆయన అలాగే ఉండిపోయాడు. భార్య టీ గ్లాసు అందిస్తే తాగాడు. వేడిగా ఉందో చల్లారిందో ఆయనకు పట్టలేదు. నాలుగేళ్లుగా ఆయన వరస ఇంతే. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. కోపమైనా తెచ్చుకుంటే బాగుండునని ఆమె ఎన్నిసార్లు అనుకుందో!

అంతకు ముందు ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపాడు. ఒక సాయంత్రం సందులోంచి సైకిలు మీద వచ్చిన ముసలాయన ఆ బస్సు కింద పడి చనిపోయాడు. విచారణ చేసి, డ్రైవరు తప్పు లేదని తేల్చారు. ఆయన మాత్రం మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. డిపోలో స్పేర్‌పార్టుల గదికి మార్పించుకుని నట్లూ బోల్టులూ అందిస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. బస్సెక్కాల్సి వస్తే చివరి సీటే.

రెండేళ్ల కిందట ఒక్కగానొక్క కూతురు తానూ బస్సు నడుపుతానంది. నడిపితే తనతో మాట్లాడనక్కర్లేదని ఆయన చెప్పేశాడు. చిన్నప్పుడు ఆయన పక్కన బానెట్ మీద కూర్చుని ఊరంతా తిరిగిన పిల్ల వింటుందా? పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. తల్లికి ఫోన్ చేస్తూనే ఉంది. ఏ ఊళ్లో ఉందని కూడా ఆయన అడిగిన పాపాన పోలేదు. రెండు రోజులు రాజధాని చూసొద్దామని భార్య అన్నప్పుడూ ఎందుకని అడగలేదు.

రాజధాని అంటే హడావుడిగా ఉంటుందనుకుంటాం. ఈ ఊరు సెలవుచీటీ పెట్టి ముసుగుతన్ని పడుకున్నట్టుంది. ఆఫీసుల గేట్లకు తాళాలు. అంత వెడల్పు రోడ్డు మధ్యలో ఒక కుక్క నింపాదిగా నడిచిపోతోంది. ఊరు చూపించే బస్సు పదింటికి వచ్చింది. ఆయన వెనక తలుపులోంచి ఎక్కి, డ్రైవరు వైపు చూడకుండా చివరి సీట్లో కూలబడ్డాడు. భార్య పక్కనే కూర్చుంది. మైకులో రికార్డు గొంతు శాసనసభ అంది, మ్యూజియం అంది. అందరూ తలలు తిప్పారు. ఆయన తన మోకాళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడో స్టాపులో తలెత్తాడు. ఆగే ముందు డ్రైవరు బ్రేకు మెల్లగా తాకి, వదిలి, ఆ తర్వాత తొక్కింది. నిలబడ్డవాళ్లు కడ్డీ పట్టుకోవడానికి ఇచ్చే వ్యవధి అది. గురువుగారు బ్రేకుకు దణ్ణం పెట్టి గానీ తొక్కరని డిపోలో ఆయన్ని ఆటపట్టించేవాళ్లు. ఇంకెవరూ అలా నడపరు. నాలుగో స్టాపులోనూ అంతే. ఆయన కుడికాలు తనంతట తానే నేలను నొక్కింది.

"తెలిసే తీసుకొచ్చావా?" అన్నాడు భార్యతో.

"తెలిసే. పిల్ల మీద కోపమని ఇన్నాళ్లూ నన్ను నమ్మించారు. కోపం కాదది, భయం. ఆ మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

ఒక తోట దగ్గర బస్సు అరగంట ఆగింది. వీళ్లిద్దరూ తప్ప జనం దిగిపోయారు. కూతురు తన సీట్లోంచి లేచి వచ్చి, రెండు వరసల దూరంలో నిలబడింది. మనిషి కాస్త చిక్కింది.

"బాగానే నడుపుతున్నావు" అన్నాడు, బోల్టులు అందించే గొంతుతో.

"రోజూ పొద్దున తాళం తిప్పేటప్పుడు ఆ ముసలాయనే గుర్తొస్తాడు నాన్నా. ఆ రోజు ఏం జరిగిందో నువ్వెప్పుడూ చెప్పలేదు. ఏం జరిగింది?"

నాలుగేళ్లుగా అందరూ ఆయన తప్పేం లేదని చెప్పినవాళ్లే. ఏం జరిగిందని అడిగినవాళ్లు లేరు.

"ముసలాయన కనబడ్డాడు" అన్నాడు. "అలవాటు కొద్దీ ముందు తాకి వదిలాను తల్లీ. ఆ తర్వాత తొక్కాను. విచారణలో అది ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. ఆ వదలడమే లేకపోతే బండి ఆగేదేమో. ఆ అలవాటు నీకూ వచ్చిందని నాకు తెలుసు. నా పక్కన కూర్చుని నేర్చుకున్నదానివి."

కూతురు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. స్టాపు దగ్గర ఎలా ఆపినా, మనిషి అడ్డమొస్తే ఒకే తొక్కు తొక్కుతానని ఒట్టేసింది. ఎలా తొక్కాలో తనే దగ్గరుండి చూపించమని అడిగింది. ఆయన సరేనని తలూపబోయి భోరుమన్నాడు. ముసలాయన పోయిన రోజు కూడా ఆయన కళ్లు తడవలేదు. అప్పుడు ఆగిపోయిందంతా ఇప్పుడు వచ్చింది. "ఇంత బరువు ఒక్కరే మోశారా? పక్కన పడుకున్నదాన్ని నేనేమైపోయాను?" అని భార్య ఆయన వీపు మీద ఒక్కటి వేసి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుని తనూ ఏడ్చింది.

ఊరు చూపించే బస్సు ఆ రోజు పావుగంట ఆలస్యంగా కదిలింది. ప్రయాణికులెవరూ విసుక్కోలేదు.