యాభై మూటల్లో విత్తనం

శాస్త్రవేత్త దేవిదాస్ శవం రెంజల్ దగ్గర చెరకు తోటలో దొరికింది. రెండు బుల్లెట్లు. జేబులు ఖాళీ.

గంట తర్వాత ఏజెంట్ మోషే ఇయర్‌పీస్‌లో చీఫ్ నర్సన్న గొంతు పలికింది.

"మోర్తాడ్ ముత్తవ్వ పండించే పసుపులో దేవిదాస్ ఒక కొత్త పదార్థం కనిపెట్టాడు. వయసుతో పాటు కణాలు పాడవడాన్ని అది తగ్గించవచ్చని ల్యాబ్ రిపోర్ట్. మనుషుల మీద ఇంకా టెస్ట్ చేయలేదు. అప్పుడే విదేశీ ముఠా దిగింది. తెగులుకు పోగా మిగిలింది ఒక్క మూట విత్తనం. దాన్ని దేవిదాస్ నిజామాబాద్ మార్కెట్ యార్డులో, ముత్తవ్వ అమ్మకానికి తెచ్చిన యాభై మూటల మధ్య దాచాడు. పన్నెండుకు లారీ ఎక్కితే పిండి మిల్లే. నీకు తోడు ఏజెంట్ సవిత. ఎర్ర కారు, నల్ల కళ్లద్దాలు."

పదకొండున్నరకు మోషే హమాలీ వేషంలో యార్డు చేరాడు. నడుముకు కొక్కెం, చేతిలో ఆ పదార్థాన్ని పసిగట్టే ఫోన్‌లాంటి స్కానర్. మొదటి మూటకు బీప్. రెండో మూటకు బీప్. అన్నింటికీ బీపే.

"ఎవన్రా నువ్వు? నా మూటలకు దండం వెడుతున్నవా?" ముత్తవ్వ గద్దించింది.

"సర్కారు మనిషిని అవ్వా. దేవిదాస్ సారును సంపిండ్రు. విత్తనం కోసం వచ్చిన."

ఆమె ముఖం బిగుసుకుంది. "అది పోతే నా పసుపు జాతే పోతది. ఆ డబ్బా జేబుల వెట్టు. మూట ఎత్తి కింద ఎయ్యి. ఎండింది గలగలమంటది. పచ్చిది దబ్బుమంటది."

ముప్పై ఎనిమిదో మూట దబ్బుమంది. ముత్తవ్వ వెంటనే దాని మీద కూర్చుంది.

పదకొండు యాభై ఎనిమిది. మూటలు లోడవుతుండగానే లారీ స్టార్టయింది. మోషే వీపుకు పిస్టల్ తగిలింది.

"కదలకు," అంది సవిత. "దేవిదాస్ కదిలాడు. చచ్చాడు. ముసల్దానా, విత్తనం ఏది?"

"గా చివరి మూట. తీస్కపొయ్యి నీ పాడె మీద ఏస్కో."

సవిత డ్రైవర్ ఆ మూట మూతి విప్పాడు. నున్నటి, మెరిసే పసుపు కొమ్ములు. ఆమె నవ్వింది. మూట కారెక్కింది, ఆమె సైగతో కారు ముందుగా కదిలింది. ఆమె చూపు అటు తిరిగిన క్షణంలో మోషే కొక్కెం ఆమె మణికట్టుకు పడింది. పిస్టల్ ఎగిరిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇద్దరు హమాలీలు లారీకెత్తేందుకు ముత్తవ్వ కింది మూటకు కొక్కేలు వేశారు.

"ముడితే చేతులు ఇరుగుతయ్!" అరిచింది ముత్తవ్వ. వాళ్లు వెనక్కి తగ్గారు. లారీ నలభై ఎనిమిది మూటలతో వెళ్లిపోయింది.

"మీరు ఓడిపోయారు," బేడీలతో సవిత బుస కొట్టింది. "కారు బోధన్ దాటిందంటే ఇక మీకు దొరకదు."

ముత్తవ్వ లేచి మూట విప్పింది. మట్టి, వేళ్లు, వంకర మొలకలు.

"విత్తనం గిట్లుంటది. నువ్వు తోలింది ఉడకవెట్టి, ఎండవెట్టి, పాలిష్ కొట్టింది. సచ్చిన పసుపు."

అప్పటి నుంచి మూడు నెలలుగా ఒక విదేశీ గ్రీన్‌హౌస్‌లో ఆ ఉడికిన పసుపుకు రెండు పూటలా నీళ్లు పోస్తున్నారట. కాపలాకు ఆరుగురు గన్‌మెన్.