మాట అందించకండి

మేకుకు తాళంచెవి లేదు! పన్నెండేళ్ళుగా పొద్దున్నే చెయ్యి పెడితే తగిలే కుట్టు దుకాణం తాళంచెవి... కోడలు మేకును తడిమి, కింద నేలంతా వెతికి, వెనక్కి తిరిగింది. భోజనాల బల్ల దగ్గర అత్తగారు గోడ గడియారాన్ని చూస్తూ కూర్చుంది. ఆవిడ ఎవరి మొహమూ చూడకుండా కూర్చుందంటే ఏదో చేసేసిందన్నమాటే. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ చొక్కా తొడుక్కుంటూ తల్లినీ, భార్యనీ చూసి, పెట్టుకున్న బొత్తామే విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

తాళంచెవి తానే దాచానని, దుకాణం ఇక తెరవక్కర్లేదని అత్తగారు తేల్చి చెప్పేసింది. కారణం నిన్నటి గౌను. ఆ వీధిలోనే ఉండే ఒకావిడ కూతురికి కుట్టాల్సిన గౌనును కోడలు ఆ పిల్ల తల్లి కొలతకు కుట్టేసింది. ఆ తల్లి దుకాణం గుమ్మంలో నిలబడి, మతిలేని మనిషికి గుడ్డ ఇచ్చానని వీధంతా వినేలా అరిచి వెళ్ళింది.

మతిలేని మనిషి! ఒకప్పుడు ఆ వీధిలో సగంమంది కొలతలు ఆమెకు కంఠతా వచ్చు. టేపు మెడలో ఊరికే వేలాడుతుండేది. చిన్నప్పటినుంచీ ఉన్న మూర్ఛ పోయిన ఏడాది ముదిరి, వారానికి రెండుసార్లు ఆమెను నేలకూల్చేది. మందులు మార్చాక ఎనిమిది నెలలుగా రాలేదు గానీ, పోతూ పోతూ మాటలను వెంట పట్టుకుపోయింది. వస్తువు కళ్ళెదుటే ఉంటుంది. పేరు మాత్రం నాలుక చివర ఆగిపోతుంది.

ఆస్పత్రిలో మాట నేర్పే ఆవిడను ఇంట్లో అందరూ ‘మాటల టీచరు’ అనేవారు. పేరు గుర్తురాకపోతే దాని చుట్టూ తిరగమనేది ఆవిడ. అది ఎలా ఉంటుంది, దేనికి పనికొస్తుంది, ఎక్కడ పెడతావు... అలా చెప్పుకుంటూ పోతే ఒక్కోసారి పేరే ఎదురొస్తుందట. కొలతలు ఇక బుర్రలో కాదు, పుస్తకంలో ఉండాలనేది. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఒకటే చెప్పింది, మాట అందించకండి, ఆగండి అని. ఆ ఒక్కటీ భర్తకు చేతకాలేదు. భార్య “ఆ...” అనేలోపు నోట్లో ముద్ద పెట్టినట్టు మాట పెట్టేసేవాడు. ప్రేమే, కాదనలేం! కానీ సొంత నోరుండీ ఆమె ఏడాదిగా మొగుడి మాటలతోనే బతుకుతోంది.

అత్తగారు లేచింది. కోడలు ఇంటికి తెచ్చుకున్న కుట్టుపని సంచిలోంచి కత్తెర తీసి పైకెత్తి పట్టుకుంది.

“ఇదేంటో చెప్పు. చెప్తే తాళంచెవి ఇచ్చేస్తాను.”

పన్నెండేళ్ళు చేతిలో ఆడిన వస్తువు... భర్త “క...” అన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“మీరు ఆగండి. గుడ్డను... రెండు చేసేది. వేళ్ళు దూరుస్తాం. మొద్దుబారితే సాన పట్టిస్తాం. మా అమ్మ ఇచ్చింది...”

పేరు రాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అత్తగారు, చూశావా అన్నట్టు కొడుకు వైపు తిరిగింది. కోడలు కళ్ళు తుడుచుకోలేదు. ఆవిడ చేతిలోంచి కత్తెర తీసుకుని, సుద్దతో గీత గీసి ఉన్న చొక్కా గుడ్డను బల్లమీద పరిచి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా కత్తిరించింది. కోత వెంట్రుకవాసి కూడా గీత దాటలేదు.

“పేరు చెప్తేనే తెగుతుందా అత్తయ్యా? గౌను తప్పు నాదే. కొలత రాసి పెట్టుకుని కూడా, పాత పొగరుకొద్దీ... పుస్తకం తెరవలేదు. కుట్టు విప్పి మళ్ళీ కుడతాను. అంతేగానీ నా దుకాణం మూసే హక్కు మీకు లేదు.”

అత్తగారి మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. “హక్కు కాదే. ఆ రోజు మిషను పక్కన పడి ఉంటే చూసింది నేను. నా చేతుల్లో కొయ్యబారిపోయావు. ఇంకోసారి చూడలేనే తల్లీ.”

“వచ్చేదైతే వంటింట్లోనూ వస్తుంది. భయం నాకూ ఉంది. భయపడుతూనే కుడతాను. తాళంచెవి ఇవ్వండి.”

అత్తగారు, బడికి తయారై వచ్చిన మనవరాలిని పిలిచింది. “ఒసే, నా ఆ ఇది పట్రా. ఆ అదిలో ఉంది చూడు, ఇది.” నలభై ఏళ్ళుగా ఆవిడ భాష ఇంతే. ఇంట్లో సగం సామాను ‘అది’, మిగతా సగం ‘ఇది’. అలాగని ఆవిడ తాళంచెవులు ఎవరూ దాచలేదు.

ఏది నానమ్మా అని పిల్ల నవ్వింది. భర్త అలవాటుగా నోరు తెరిచాడు.

“అందించకండి,” అంది కోడలు. “అత్తయ్యే చెప్తారు.”

అందరూ ఆగారు. అత్తగారికి నిజంగానే పేరు తట్టలేదు. “ముక్కుమీద పెట్టుకునేదే... దాన్ని దాచేది...” అంటూ మధ్యలో ఆగి, కోడలిని చూసింది. రోజూ నీ నోట్లో జరిగేది ఇదా అన్నట్టు చూసింది.

“కళ్ళజోడు పెట్టె,” అంది చివరికి.

పిల్ల పెట్టె తెచ్చింది. అత్తగారు అందులోంచి తాళంచెవి తీసి తన చేత్తోనే కోడలి అరచేతిలో పెట్టింది. మధ్యాహ్నం తానూ వచ్చి కొలతల పుస్తకం చదివిపెడతానంది. రమ్మంది కోడలు, కానీ మాట అందించారంటే గుమ్మం బయటే కూర్చోబెడతానంది. అత్తగారు కళ్ళొత్తుకుంటూనే నవ్వింది.

కోడలు వీధిలోకి నడిచింది. నాలుగిళ్ళు దాటాక, నిన్న అరిచి వెళ్ళిన ఆవిడ వాకిలి ముందు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి, భర్తకు, కిటికీల్లోంచి చూస్తున్న అందరికీ వినపడేలా గొంతెత్తి అరిచింది.

“కత్తెర!”