విషం పెట్టిన చెయ్యి

"నేను మా ఆయనకి విషం పెడుతున్నానట. పెట్టడం లేదని మీరు రుజువు చెయ్యాలి."

వచ్చినావిడ కుర్చీలో కూర్చోకుండానే ఆ మాట అనేసింది. డిటెక్టివ్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. అవతలి బల్ల దగ్గర ఆయన సహాయకురాలు చెవులమ్మ రాత ఆపేసింది. ఆమెకు ఆ పేరు పెట్టింది ఆయనే. ఏళ్ళ తరబడి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి కదా, గోడ అవతలి గుసగుస కూడా ఆమె చెవిని దాటిపోదు. ఇక ఆయన తెలివంటే ఆమెకు గుడ్డి నమ్మకం. ఆయన చెయ్యి పెట్టిన చిక్కుముడి విడకపోవడం ఆమె ఇంతవరకు చూడలేదు.

"దొంగని పట్టుకోమని వస్తారు గానీ, నేను దొంగని కాదని తేల్చమని ఎవరూ రారమ్మా," అన్నాడు డిటెక్టివ్. "కూర్చోండి. ఎవరన్నారా మాట?"

"మా వదినగారు. ఆయనకి అక్క. బడిలో లెక్కలు చెబుతారు."

వాళ్ళది కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన కాపురం. భర్తకు చుక్క మందు అలవాటు లేదు. అయినా పొట్ట ఉబ్బరం, ఒళ్ళంతా నీరసం. పరీక్షలు చేయిస్తే కాలేయానికి కొవ్వు పట్టి వాచిందన్నారు. ఆ జబ్బు మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ తన శిష్యుడితో "రక్తంలో టాక్సిన్ ఎక్కువగా ఉంది" అంటుండగా, తెర పక్కనున్న వదినగారు విన్నారు. టాక్సిన్ అంటే విషం. విషమంటే ఎవరో పెట్టాలి. అన్నం పెట్టేది ఎవరు?

"అప్పట్నుంచి ఆయన నా చేతి మెతుకు ముట్టడం లేదండీ. వదినగారు పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నారు. వెళ్ళనివ్వండి. ఆయన నా మొహం చూడటమే మానేశారు. నాకది చాలదూ?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డిటెక్టివ్, చెవులమ్మ వెళ్ళేసరికి దుకాణంలో భర్త అద్దాలు అరగదీసే చక్రం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దస్తమానం ఆ స్టూలే అతని లోకం. కళ్ళు పచ్చబారాయి, పొట్ట చొక్కా గుండీలను లాగుతోంది. స్టూలు కింద ఖాళీ సీసాలు గుంపుగా పడి ఉన్నాయి. అక్కగారు తమ్ముడి పక్కనే కాపలాగా నిలబడింది.

"ఇంట్లో తిండి మానేశాక తగ్గిందా?" అడిగాడు డిటెక్టివ్.

"లేదండీ. పెరిగింది."

"పాత విషం ఒంట్లో ఉండదూ?" అందుకుంది అక్క. "నిప్పు లేనిదే పొగ రాదండీ."

"మరి ఇప్పుడేం తింటున్నారు?"

"సీలు ఉన్నవే," అన్నాడు భర్త. "బిస్కెట్లు, పళ్ళరసం సీసాలు. అక్కే తెచ్చిపెడుతుంది. వాటిలో ఎవరూ ఏమీ కలపలేరు కదా."

ఈలోగా చెవులమ్మ మేడ మీద వంటింట్లో ఉప్పు దగ్గర్నుంచి నూనె దాకా అన్నీ కొద్దికొద్దిగా పొట్లాలు కట్టింది. భార్య అదే గిన్నెలోది తింటూ, ఏ జబ్బూ లేకుండా తిరుగుతోంది. చిక్కిపోయిందంటే అది తిండి వల్ల కాదు, దిగులు వల్ల. పొట్లాలన్నీ పరీక్షకు వెళ్ళాయి. దేనిలోనూ ఏమీ లేదని తేలింది.

ఆ తర్వాత డిటెక్టివ్ డాక్టరమ్మ గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. ఆ తలుపు ఎంత మందమంటే, బయట కూర్చున్న చెవులమ్మ చెవులకి కూడా ఒక్క ముక్క అందలేదు. బయటికొచ్చిన ఆయన మొహంలో కేసు గెలిచిన వెలుగు లేకపోవడం చూసి ఆమెకు గుబులేసింది.

మర్నాడు దుకాణం షట్టరు సగం దించి అందరినీ కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ కూడా వచ్చింది.

"విషం ఉన్న మాట నిజం," అన్నాడు డిటెక్టివ్. భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "టీచరుగారు తప్పు వినలేదు. కానీ ఉందంటే ఎవరో పెట్టారనుకున్నారు. ఎవరూ పెట్టలేదు. ఇతని ఒంట్లోనే పుట్టింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ కాపురం ఇతని పేగుల్లో."

డాక్టరమ్మ అందుకుంది. "మన అందరి పేగుల్లోనూ కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. కొన్నిటి పైపొరలోనే విషం ఉంటుంది. అవి చచ్చి చితికితే అది ఊడివస్తుంది. పేగు గోడ గట్టిగా ఉన్నంతకాలం బెడద లేదు. గోడ సడలితే రక్తంలోకి జారుతుంది. పేగుల నుంచి రక్తం ముందు వెళ్ళేది కాలేయానికే. కొవ్వు పట్టిన కాలేయం ఆ విషం తగిలితే ఇంకా వాస్తుంది. జబ్బుకి ఇదొక్కటే కారణమని నేననను. కానీ ఇందులో దాని చెయ్యి ఉంది. ఆ రోజు నేను టాక్సిన్ అని వదిలేశాను. ఎక్కడిదో కూడా చెప్పి ఉండాల్సింది."

"మరి ఆ గోడ ఎందుకు సడలింది?" డిటెక్టివ్ స్టూలు కింద నుంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "కదలని పని, పెరిగిన పొట్ట ముందే కొంత సడలించాయి. వాటి మీద ఈ తీపి. విషానికి భయపడి ఇంటి తిండి మానేసి, రోజంతా దీని మీదే బతికాడు. ఇందులో ఎవరూ ఏమీ కలపలేదు. కలపనక్కర్లేదు కూడా."

అక్కగారు సీసా వంక చూసింది. "అంటే నేనే..."

"ప్రేమ కొద్దీ చేశారు, టీచరుగారూ. చట్టం మిమ్మల్నేమీ అనదు."

"నాకు తగ్గుతుందా, డాక్టరుగారూ?" అన్నాడు భర్త.

"కొంత. తీపి మానాలి, నడవాలి, ఇంట్లో వండిన సాదా భోజనం తినాలి. కానీ కాలేయం కొంత గట్టిపడిపోయింది. అది మామూలు కాకపోవచ్చు. ఆ విషానికి నా దగ్గర విరుగుడు లేదు."

ఇంట్లో వండిన భోజనం అనగానే అందరూ భార్య వైపు తిరిగారు. చెవులమ్మకు గుండె తేలికపడింది. కేసు తేలింది, కాపురం నిలబడింది అనుకుంది.

"వండుతాను," అంది భార్య. "అన్నం నేనే పెడతాను. కానీ పూర్తిగా తగ్గకపోవచ్చని డాక్టరుగారే అంటున్నారు. రేపు మళ్ళీ పెరిగితే అప్పుడు ఎవరు పెట్టారంటారు?"

అడిగింది డిటెక్టివ్‌నే. చెవులమ్మ ఆశగా ఆయన వైపు చూసింది. ఆయన బల్ల మీది సీసా తీసి మళ్ళీ స్టూలు కింద పెట్టాడు. ఆయన చేతిలో చిక్కుముడి విడకపోవడం ఆమె చూడటం అదే మొదలు, ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇంకెప్పుడూ అననే," అన్నాడు భర్త.

"మీరు అనరు. నాకు తెలుసు." ఆమె గొంతులో కోపం లేదు. "కానీ తిన్నాక కడుపులో కాస్త నొప్పొస్తే, మీకు ముందు ఎవరి మొహం గుర్తొస్తుంది?"

అతను ఆమె మొహంలోకి చూడబోయాడు. చూడలేక తల దించుకున్నాడు. ఆమె పొయ్యి వెలిగించడానికి మేడ మెట్లెక్కింది.