కుడిపక్క నిల్చున్నాయన

"మా చిన్నతాతను యాడ పెట్టినావప్పా?"

పొద్దున్నే షాపు షట్టరు ఎత్తిన హనుమేష్‌కు ఎదురైన మొదటి మాట అది. ఎదురుగా ఒక అమ్మాయి. భుజాన బ్యాగు, చేతిలో ఫోటో, ముక్కు మీద కోపం. ఆ ముక్కుకు కోపం బాగానే నప్పిందని అతనికి అనిపించింది గానీ, అది చెప్పే సమయం కాదు.

"మీ చిన్నతాత ఈడికి రాలేదు మేడం."

"వచ్చినాడు. ఫోటోలో వచ్చినాడు. నువ్వు తీసేసినావు."

హనుమేష్ నాలుక కరుచుకున్నాడు. కర్నూలు పాత బస్టాండు దగ్గర అతనిది ఫ్లెక్సీల షాపు. పుట్టినరోజులకూ సంతాపాలకూ ఫ్లెక్సీలు, మధ్యమధ్యలో పాత ఫోటోలు బాగుచేయడం. కడప నుంచి కొరియర్లో వచ్చిన పెళ్లి ఫోటో ఇది. జల్లెళ్ల వీధిలో ఒక ఇంటిముందు పెళ్లికొడుకు, తల దించుకున్న పెళ్లికూతురు, చుట్టాలు. కుడిపక్క అంచున ఉన్న మనిషి మొహం మీద వరదనీళ్ల మరక. ఎవరో అడ్డమొచ్చిన మనిషిలే అనుకుని, మరకతో పాటు మనిషినీ తీసేసి అక్కడ గోడ పెట్టేశాడు.

"గోడ బాగుండాది కదా మేడం," అన్నాడు మెల్లగా.

"మా అవ్వ రోజూ పొద్దున ఆయనకు దండం పెడతాది. గోడకు పెట్టమంటావా?"

అమ్మాయి పేరు నాగలత, కడపలో కాలేజీ లెక్చరర్. అవ్వ ఉరుకుందమ్మ కోసం వంశవృక్షం చార్టు తయారుచేస్తోంది. అవ్వ కాపురానికి వచ్చిన జల్లెళ్ల వీధి ఇప్పుడు కర్నూల్లో లేదు. సగం వరదకు పోయింది, మిగిలిన సగం రోడ్డు వెడల్పుకు పోయింది. అవ్వ పెళ్లప్పుడే ఇల్లు విడిచిపోయిన మరిది ఆనవాలు కూడా ఈ ఫోటో ఒక్కటే.

హనుమేష్ మళ్లీ కూర్చుని మరక తుడిచాడు. మెల్లగా మొహం బయటపడింది. మెడలో తువ్వాలు, పెళ్లికొడుకు భుజం మీద చెయ్యి, పెళ్లి తనదే అన్నంత నవ్వు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నాగలత కడప బస్సెక్కి వచ్చేది. ఫోటోలో మిద్దెల వెనక కనిపిస్తున్న కొండారెడ్డి బురుజు కొసను బట్టి, ఇల్లు ఎక్కడుండేదో ఇద్దరూ వెతికేవారు.

ఒక ఆదివారం దొరికింది.

"ఇదేనా?" అంది నాగలత, రోడ్డు మధ్యలో నిలబడి. "మా అవ్వ డివైడర్ మీద కాపురం చేసిందా?"

"వంటిల్లు అదో, ఆ యూటర్న్ కాడ."

అప్పుడే ఉరుము లేకుండా వాన దిగింది. హనుమేష్ గబుక్కున ఫోటోను చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"ఫోటోను దాస్తివి. నేను తడుస్తాండా, కనపడలేదా?"

"ఫోటో తడిస్తే మళ్లీ బాగుచేయాల. నువ్వు తడిస్తే బాగానే ఉంటావు."

నాగలత చురచురా చూడబోయి నవ్వేసింది. ఇద్దరూ ఒక టీ అంగడి రేకుల కిందికి పరుగెత్తారు. అక్కడ ఆమె చార్టు విప్పితే, హనుమేష్ వేలు ఒకచోట ఆగింది.

"నీ పేరు పక్కన గడి ఖాళీగా ఉండాదే?"

"ఇప్పుడు కనపడిందా? నెల నుంచి నీ కండ్లముందరే పెట్టిండా!"

హనుమేష్ టీ ఒలికిపోయింది. అతను చూసుకోనేలేదు.

పెద్దవాళ్లతో మాట్లాడే రోజు వచ్చింది. అవ్వ, నాగలత నాన్న మారెన్న, అందరూ హనుమేష్ ఇంటికి వచ్చారు. నాగలత ఫోటోకు ఫ్రేమ్ కట్టించి తెచ్చి, హనుమేష్ అమ్మ శివకుమారి చేతిలో పెట్టింది.

శివకుమారి కెవ్వుమంది. "మామా! మా మామ వీరభద్రప్ప!"

ఆయన ఫోటోలన్నీ వరదలో పోయాయి. హనుమేష్ పుట్టకముందే ఆయనా పోయాడు, ఆయన సంగతులు చెప్పడానికి హనుమేష్ నాన్న కూడా ఇప్పుడు లేడు. తాను మరక తుడిచి బయటపెట్టింది తాత మొహమేనని హనుమేష్‌కు ఇప్పుడే తెలిసింది. అలాంటి తాతను తన చేత్తోనే తుడిచేసి గోడ పెట్టాడు!

ఆ బాధైనా పూర్తిగా పడనీయలేదు ఉరుకుందమ్మ. వచ్చి గట్టిగా వాటేసుకుంది. "మా మరిది మనవడివా నాయనా!"

మారెన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అట్లయితే మా లతకు ఈ అబ్బోడు అన్న వరస కదా?"

నోట్లో పెట్టుకున్న మిక్చరు నోట్లోనే ఉండిపోయింది హనుమేష్‌కు.

"పేరు, ఇంటిపేరు రెండూ వేరు కదవ్వా!" అంది నాగలత.

"ఇల్లే ఇడిసిపోయినోడికి పేరేంది, ఇంటిపేరేందే?"

"ఎవరివాళ్లు మామా అని అడిగితే, ఊరంతా మావాళ్లే అంటుండె," అంది శివకుమారి. పాపం, సాయం చేద్దామనే అంది. ఆ మాటతో అవ్వకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

వెళ్తూ వెళ్తూ నాగలత గుమ్మం దగ్గర ఆగింది. కళ్లనిండా నీళ్లు. "ఏమన్నా చెయ్యి. నిన్ను అన్నా అనమంటే మాత్రం నేను సచ్చినా అనను."

ఏం చేయాలి? హనుమేష్‌కు వచ్చిన విద్య ఒక్కటే. తాత మొహంతో పెద్ద ఫ్లెక్సీ కొట్టి, జల్లెళ్ల వీధి ఉండిన చోట కట్టాడు. 'ఈయన మీకు తెలుసా? మీ పాత ఫోటోల్లో ఉన్నాడా?' కింద ఫోన్ నంబరు.

ఫోన్ ఆగకుండా మోగింది. మళ్లీ ఆదివారానికి హనుమేష్ షాపు బల్ల మీద జల్లెళ్ల వీధి మొత్తం పరుచుకుంది. కడప నుంచి అందరినీ పిలిపించాడు.

"ఇది మీ వీధి లేవి తాత పెండ్లి, చర్చి ముందర. కుడిపక్క ఎవరు?"

"మరిదే!" అంది అవ్వ.

"ఇది ఖాజా సాబు మటన్ అంగడి ఓపెనింగు. కుడిపక్క?"

"ఆయనే!" అన్నాడు మారెన్న.

"ఇది ఎవరిదో శవం ఫోటో. అందరూ ఏడుస్తాండారు. నవ్వుతాండే ఆయన ఎవరు?"

అవ్వ ఫోటోలన్నీ దగ్గరికి లాక్కుంది. అన్నిట్లోనూ అదే తువ్వాలు, పక్కవాడి భుజం మీద అదే చెయ్యి.

పెండ్లి ఫోటో తెచ్చిన లేవి తాత చెల్లెలు జీవమ్మ కూడా అక్కడే ఉంది. కడుపు పట్టుకుని నవ్వింది. "మా వీధి మొగదాల సోడాబండి వీరభద్రప్ప కదమ్మా! తల్లీదండ్రీ లేకుండా కోడుమూరు నుంచి వచ్చినాడు, నువ్వు కాపురానికి వచ్చేసరికి బండి వేరే వీధికి మార్చినాడు. కెమెరా కనపడితే బండి ఇడిసిపెట్టి ఉరుకుతుండె. మీ మరిది యాడుండాడు మీ పెండ్లిలో? ముందురోజే అలిగి పోయె! వీధంతా ఎతికినాం."

"మరి నువ్వు గుర్తుపట్టలేదా అమ్మా, సొంత మరిదిని?" అన్నాడు మారెన్న.

"నేను పెండ్లికూతుర్ని. తలెత్తితే కదప్పా చూసేది! ఫోటోలో మీ నాయన భుజం మీద చెయ్యేసినోడు తమ్ముడే అనుకుంటి. తరువాత అడుగుదామంటే, తమ్ముని మాటెత్తితే మీ నాయన అన్నం ముందర నుంచి లేసిపోతుండె." అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నేండ్లు సోడాబండాయప్పకు దండం పెట్టినానా?"

నాగలత పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బల్ల కింద హనుమేష్ చెయ్యి పట్టుకుంది.

మారెన్న మాత్రం ఊరుకోలేదు. గొంతు సవరించుకుని, "హనుమేష్, పిల్లనియ్యడానికి నాకు అడ్డం లేదప్పా. కానీ మా ఇంటి ఫోటోలో బయటాయప్ప ఎందుకు? గోడే పెట్టు," అన్నాడు.

హనుమేష్ మొహం చిన్నబోయింది. మౌస్ మీద చెయ్యి వేశాడు గానీ, వేలు కదలలేదు.

అవ్వ ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది.

"తియ్యొద్దు నాయనా. మనవరాలినిచ్చే ఇంటి పెద్ద. ఆయప్ప చుట్టమే. కాకపోతే పెండ్లికి శానా ముందుగా వచ్చినాడు."