పంచుకున్న జంట ఎవరి వైపు?

సాయంత్రం నాలుగుంపావు. గాలి ఊసే లేకుండా వాన నిలువుగా పడుతోంది. కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కెమిస్ట్రీ మేడమ్, కొత్తగా చేరిన మాస్టారు దిద్దిన పేపరొకటి తీసి ఆయన ముందుకే తోసింది.

"సరైన జవాబుకు సున్నా ఎందుకేశారు?"

"అదనపు ఎలక్ట్రాన్‌ను అందరికంటే ఆత్రంగా చేర్చుకునేది ఫ్లోరిన్ కదా మేడమ్! ఆ అమ్మాయి క్లోరిన్ అని రాసింది."

"ఆవర్తన పట్టికలో వరుసలో కుడికి, గ్రూపులో పైకి వెళ్ళేకొద్దీ లాగుడు ఎక్కువని బట్టీపట్టారు. ఫ్లోరిన్ ఇల్లు మరీ ఇరుకు, మాస్టారూ. లోపలున్నవాళ్ళే ఒకరినొకరు తోసుకుంటుంటే కొత్తవాళ్ళకు చోటెక్కడ? క్లోరిన్‌ది కాస్త విశాలం."

"మరి ఫ్లోరిన్ గొప్పంతా దేనిలో?"

"బంధంలో ఇద్దరూ పంచుకున్న ఎలక్ట్రాన్ల జంటను తనవైపు లాక్కోవడంలో. అందులో దాన్ని మించింది లేదు."

ఆయన సున్నా కొట్టేసి, "ఇంత బాగా తిట్టేవాళ్ళుంటే రోజూ తప్పులు చేస్తాను," అన్నాడు. ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వే కొంప ముంచింది.

మరుసటి వానాకాలానికి ఇద్దరూ కలిసి విద్యార్థుల కోసం ఒక గైడు రాశారు. లెక్కలు ఆయనవి, వివరణలు ఆమెవి. పెళ్ళికి ఇరువైపులా ఒప్పుకున్నారు. ఆయన "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగాడు. ఆమె ఇంకా దిగలేదు.

గైడు అట్ట నమూనా ఆయనే తెచ్చి చూపించాడు. దాని మీద ఉన్నది ఆయన పేరొక్కటే.

"నా పేరేదీ?"

"రేపో మాపో ఆలుమగలం కాబోతున్నాం. ఎవరి పేరైతేనేం, పిచ్చిదానా?"

"నిజమే. అయితే నాది వేయించండి."

నవ్వబోయిన ఆయన, ఆమె ముఖం చూసి ఆగాడు. "అమ్మ ఏమనుకుంటుంది? గైడు నాదని అన్నయ్య ఇప్పటికే నలుగురికీ చెప్పేశాడు. నువ్వే కాస్త సర్దుకోవాలి."

"ఇద్దరివీ వేయిస్తాను" అన్న మాట కోసం ఆమె ఆగింది. ఆయన గొడుగు వెతుక్కుంటున్నాడు.

"ఆ రోజు ఫ్లోరిన్ పాఠం చెప్పాననుకున్నాను. మీ జాతకం చెప్పానన్నమాట," అంటూ అట్టను ఆయన చేతిలో పెట్టింది. "పెళ్ళి మాట ఇక ఎత్తకండి."

తరువాతి ఏళ్ళలో ఆ గైడు ఎన్నోసార్లు అచ్చయింది. "ఫ్లోరిన్ ఇల్లు మరీ ఇరుకు" అన్న వాక్యం ప్రతి ముద్రణలోనూ అలాగే ఉంది. అట్టమీద పేరు మాత్రం ఆయనదే. ఆమె క్లాసుకు పిల్లలు ఆ గైడే తెచ్చుకునేవారు.