నాగేందర్ పెట్టించిన మౌనవ్రతం

నీళ్లలో పండ్లను, బొక్కలను తినే ఫ్లోరైడ్ ఉందని తెలిసి కూడా ఏండ్ల తరబడి అవే బోరింగులు కొట్టుకొమ్మన్నోళ్లారా, మీ సంగతి వేరే మాట్లాడుకుందాం. ఇయ్యాల అడగాల్సింది ఇండ్లల్లో ఉన్నోళ్లను. ఆ నీళ్లకు నోట్లో పండ్లు గోధుమరంగు తిరిగిన ఆడమనిషిని నలుగురిలో నవ్వొద్దన్నది ఎవరు? ఫొటోల పెదవులు బిగపట్టుమన్నది ఎవరు? మీరే. కట్టుకున్నోళ్లే. నాగేందర్ కూడా మీలో ఒకడు.

పొద్దున లేచి నాగేందర్ కిటికీ పరదా పక్కకు జరిపిండు. కింద పట్నం పాతబస్తీ అప్పుడే మేలుకుంటాంది. చాయ్ దుకాణం ముందర స్కూటర్లు ఆగుతున్నయి. తాముంటున్న ఈ పెద్ద హోటల్ ఒకప్పుడు ఎవరో నవాబు కాపురమున్న దేవిడట. స్నానాల గదే నల్గొండలో వాళ్లింటి ముందర గదంత ఉంది. ఆ ఏడు పత్తి విత్తనాలు బాగా అమ్మిన దుకాణందార్లను విత్తనాల కంపెనీ ఆలుమగల జంటగా పిలిచి ఇక్కడ దించింది.

మమత అద్దం ముందర కొంగు సర్దుకుంటాంది.

"ఇంకొక్క పూట మమతా. టిఫిన్ అయినంక బస్సెక్కుతం. అప్పటిదాక జర ఓపిక పట్టు."

ఆమె తలూపింది.

"గదిల ఎవలున్నరే? నాతోనన్న మాట్లాడు."

అద్దంలోంచే అతని దిక్కు చూసింది. వేలు పెదవుల మీద పెట్టుకుంది.

తప్పు మొదటిరోజే జరిగింది. దిగంగనే దేవరకొండ దుకాణందారు భిక్షపతి, అతని భార్య సత్తమ్మ ఎదురొచ్చిండ్రు. "బాగున్నవా చెల్లె" అని సత్తమ్మ పలకరిస్తే మమత నవ్వబోయింది. కంపెనీ మేనేజరు పక్కనే ఉన్నడు. నాగేందర్ మధ్యలో దూరి, "మా ఆమెకు మౌనవ్రతం అక్కా. ఇక్కడున్నన్ని రోజులు నోరు తెరువది" అన్నడు.

అబద్ధం భలే కుదిరిందనుకున్నడు. అది ఆగితే గద. సత్తమ్మ ఆడోళ్లందరికి చాటింది. రాత్రి అన్నాలకాడ మమతను ముందు వరుసల కూసోబెట్టిండ్రు. సత్తమ్మ పట్నంలనే ఉండే తన కొత్త కోడలిని పిలిపించి కాళ్లు మొక్కించింది. అందరి పళ్లేలల్ల బిర్యానీ పడుతుంటే, వ్రతమున్న మనిషి నీసు తినదని నాగేందరే చెప్పాల్సొచ్చింది. ఐతారం బొక్కల కూర లేకుంటే అలిగే మమత, పెరుగన్నం కలుపుకొని తల వంచుకొని తిన్నది.

"ఏం పుణ్యం చేసుకున్నవయ్యా నాగేందరూ" అన్నడు భిక్షపతి. "మా ఆమె నిద్రల గూడ ఊకోదు."

అందరు నవ్విండ్రు. నాగేందర్ అందరికంటె గట్టిగ నవ్విండు.

ఇగ ఈ పొద్దున టిఫిన్లకాడ, ఇడ్లీలు వడ్డిస్తూ ముప్పై ఏండ్ల మనిషొకామె వచ్చింది. చొక్కా మీద రబియా అని పేరుంది. "ఇంకోటి పెట్టుకోండ్రి సారు" అని నాగేందర్‌ను చూసి నవ్వింది. నోరంతా గోధుమరంగు చారలు.

ఆమె అటు పోంగనే సత్తమ్మ మూతి తిప్పింది. "థూ, గుట్కా తింటదేమో. ఇంత పెద్ద హోటల్ల గసొంటిదాన్ని వడ్డనకు పెడ్తరా?" అని హోటలాయనను పిలిచి చెప్పింది. ఆయన నాగేందర్ దిక్కు చూసిండు, ఏమంటరు సార్ అన్నట్టు.

"ఔ మరి, జర శుభ్రం ఉండాలె" అన్నడు నాగేందర్.

హోటలాయన పోయి రబియా చేతిలోని పళ్లెం తీసుకున్నడు. లోపలికి పొమ్మన్నడు.

"ఏ ఊరు చెల్లె నీది?"

అందరు తిరిగి చూసిండ్రు. మాట్లాడింది మమత.

రబియా ఆగింది. "మర్రిగూడ దిక్కు అక్కా."

"మాది గూడ గాడనే." మమత సత్తమ్మ దిక్కు తిరిగి నోరు తెరిచి చూపించింది. "గుట్కా కాదక్కా. నీళ్లు."

అంతే. కుర్చీ వెనక్కి జరిపి పైకి పోయింది. నాగేందర్ వెనకాలే ఉరికిండు.

"నలుగురిల పరువు తీసినవ్ గదనే."

"ఎవల పరువు బావా?"

"కంపెనీవాళ్లున్నరు. రేపు దుకాణం నడవాలె."

"నిన్ను గన్న మీ అవ్వ, మా నాయిన ఒక్క కడుపున పుట్టిండ్రు. నువ్వు, నేను ఒక్క బోరింగు నీళ్లు తాగి పెరిగినం. నీ నోట్ల ఉన్నవి గూడ గవే. దుకాణంల కూసునేటోని మొఖం బాగుండాలె అని పైన తెల్ల తొడుగులు ఏయించుకున్నవు. నేను కాదన్ననా? నాకు ఏయించుమని అడిగిననా?"

"ఏయిస్త. ఈ నెలల్నే ఏయిస్త."

"నాకద్దు." ఆమె అతనికి ఎదురుగ వచ్చి నిలబడింది. "ఆమె నిన్ను సారు అని నవ్వుకుంట పిలిచింది. నువ్వు ఆమె పని మీద దెబ్బ కొట్టినవు. నా మొగడు సిగ్గుపడొద్దని గిన్ని రోజులు నోరు కట్టుకున్న. ఇప్పుడు నిన్ను జూస్తే నాకు సిగ్గయితాంది బావా."

నాగేందర్ మంచం అంచున కూలబడ్డడు. బడికి పోయే రోజుల్లో నోటికి పలక అడ్డం పెట్టుకొని నవ్వేటోడు తను. మమత మటుకు ఊరంత వినబడేటట్టు నవ్వేది. ఆ నవ్వు కోసమే మేనమామ ఇంటి ముందర ఊకె సైకిల్ చైన్ ఊడగొట్టుకునేటోడు. ఆ పిల్ల నోటికి ఇయ్యాల తనే తాళమేసిండు. కండ్లల్లో నీళ్లు తిరిగినయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"పా" అన్నడు లేచి. "కిందికి పోదాం."

హాలు గుమ్మంలోనే నిలబడ్డడు.

"మౌనవ్రతం లేదు, ఏం లేదు. మా ఆమె పండ్లు మీకు కనబడొద్దని నేను అబద్ధమాడిన. నావి గూడ గట్లనే ఉంటయి. ఇవి పైసలు పెట్టి తొడిగించుకున్నవి."

భిక్షపతి చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. "మా కోడలితోని కాళ్లు మొక్కిస్తిని గదయ్యా" అంది సత్తమ్మ.

"మొక్కు వాపసు తీస్కో అక్కా, నాకేం అక్కర లేదు" అని మమత నవ్వింది. నిండుగ, అందరి ముందర. సత్తమ్మ లేచొచ్చి మమత చెయ్యి పట్టుకుంది. "తెల్వక అన్న చెల్లె" అంది.

నాగేందర్ హోటలాయన ముందరికి పోయిండు.

"రబియాను లోపలికి పంపింది మా మాట మీదనే గద. ఆ మాట తప్పు. అన్నోళ్లం మేమే వాపసు తీసుకుంటున్నం. ఆమె ముందర నేను మాఫీ అడగాలె. పనిల నుంచి తీస్తే మాత్రం ఊకోం. ఆమె పళ్లెం ఆమె చేతికియ్యుండ్రి. ఆమె వచ్చి వడ్డించేదాక ఒక్కళ్లం గూడ లేస్తలేం. పిలువుండ్రి. ఇప్పుడే పిలువుండ్రి."